బకెట్టెడు నీళ్ళు

"సాయంత్రం ఐదింటికి ఈవిణ్ని మేజిస్ట్రేటు గారి ముందు నిలబెడుతున్నాను బావా. ఈలోపు ఎన్ని ప్రశ్నలు కావాలంటే అన్ని అడుక్కో. కేసు మాత్రం మారదు."

ఆ మాట అనేసి ఇన్‌స్పెక్టరు కుర్చీ గోడవారకి లాక్కుని తీరుబడిగా కూర్చున్నాడు. గదిలోంచి కదిలే ఉద్దేశం అతనికి లేదు. డిటెక్టివ్ కూడా కదలమని అడగలేదు. పెళ్ళాం తమ్ముణ్ని బయటికి పొమ్మంటే ఆ కబురు తనకంటే ముందే ఇల్లు చేరుతుందని ఇన్నేళ్ళ కాపురంలో అతనికి బాగా తెలిసొచ్చింది.

డిటెక్టివ్ ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీలో పని చేసేవాడు. లారీ ప్రమాదాల క్లెయిములు చూసేవాడు. ఒక కాగితం అతని చేతికి చిక్కితే నిజం బయటపడేదాకా వదలడని అక్కడ "ఉడుం" అని పేరు పెట్టారు. ఉద్యోగం మానేసినా ఆ పేరు మాత్రం అతన్ని మానలేదు.

ఎదురుగా బెంచీ మీద గేటు మనిషి కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉండదు. ఒంటి మీది యూనిఫాంకి నిన్నటి మట్టి, గ్రీజు ఇంకా అలాగే ఉన్నాయి. హైవేకి అడ్డంగా పట్టాలు పోయే చోట గేటు వెయ్యడం, తియ్యడం ఆమె ఉద్యోగం. నిన్న ఉదయం అక్కడ గూడ్సు బండి కింద పడి తనిఖీ ఇంజనీరు పోయాడు. గేటు వెయ్యకపోవడం వల్లే పోయాడని ఆమెను పట్టుకొచ్చారు.

"మిమ్మల్ని ఎవరు పంపారు సార్?"

"మీ అత్తగారు."

ఆమె నమ్మలేనట్టు చూసింది. "మా అత్తగారా? గిన్నెలు బోర్లించలేదని మొన్నట్నించి నాతో మాటలే లేవు."

"ఆవిడే. తెల్లారకముందే వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. 'నా కోడలు కూరలో ఉప్పు సరిగ్గా వెయ్యదు గానీ, గేటు మాత్రం సరిగ్గా వేస్తుంది' అంది."

నిన్నట్నించి ఎవరెంత అరిచినా చెమ్మగిల్లని ఆ కళ్ళు ఆ ఒక్క మాటకి నిండిపోయాయి. మోచేత్తో తుడుచుకుని నిటారుగా కూర్చుంది.

"మొదట్నించీ చెప్పమ్మా. తొందరేం లేదు."

"ఇంజనీరు గారు ఎనిమిది దాటాక స్కూటర్ మీద వచ్చారు సార్. నా గది పక్కన పెట్టి తాళం వేసుకున్నారు. బకెట్టెడు నీళ్ళిస్తావా అమ్మా అన్నారు."

"తాగడానికా?"

"నేనూ అలాగే అనుకుని చెంబు తియ్యబోయాను. కాదు, బకెట్టే కావాలన్నారు. మా ఇంటి నీలం బకెట్టు ఇచ్చాను. దాని పిడి విరిగితే పాత పచ్చజెండా గుడ్డ చింపి చుట్టి వాడుకుంటున్నాం. అది పట్టుకెళ్ళి పట్టాల మధ్య సిమెంటు పలకల మీద ఒంపేశారు. ఒంపి అక్కడే గొంతుక్కూచుని చూస్తూ ఉండిపోయారు. మతి గాని చలించిందా అనుకున్నాను, పాపం."

"తర్వాత?"

"గూడ్సు వస్తోందని రైల్వే స్టేషన్ నించి ఫోనొచ్చింది. పక్కకి రండి సార్ అని కేకేసి, రెండు గేట్లూ దించి తాళం వేశాను. పచ్చజెండా పట్టుకుని నా గదికి అవతలి పక్క నిలబడ్డాను. బండి వచ్చేటప్పుడు అక్కడే నిలబడాలి, డ్రైవరుకి కనపడాలి కదా. అక్కణ్నించి రోడ్డు కనపడదు, గది అడ్డం. కారు ఆగిన చప్పుడు వినిపించింది. ఇంజనీరు గారు ఎవరిమీదో గట్టిగా అరుస్తున్నారు. కాసేపటికి బండి నా ముందుకొచ్చేసింది. హారను ఆపకుండా కొట్టాడు సార్. ఆ హారను ఇంకా చెవుల్లోనే ఉంది."

డిటెక్టివ్ మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకి జరిపాడు.

"బండి మొత్తం దాటిపోయి దూరంగా ఆగింది. నేను..." ఆమె తల దించేసుకుంది. "గేటెత్తేశాను సార్."

"మనిషిని చూడకుండానే?"

"బండి దాటితే గేటెత్తాలి. తొమ్మిదేళ్ళుగా అదే పని. ఏదో జరిగిందని తెలుస్తూనే ఉంది, చేతులు మాత్రం వాటి పని అవి చేసేశాయి. ఎత్తాక రోడ్డు మీదికొచ్చి చూశాను. అప్పటికి ఆయన..."

"విన్నావుగా బావా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మేం వెళ్ళేసరికి గేటు బార్లా తీసి ఉంది. అలవాటు కొద్దీ ఎత్తానంటే ఏ కోర్టు నమ్ముతుంది?"

డిటెక్టివ్ నమ్మాడు. అబద్ధం ఆడదలుచుకున్న మనిషి ఇంతకంటే మంచి అబద్ధమే ఆడుతుంది. ఇలా తన మెడకి తనే ఉరి తగిలించుకోదు.

"బకెట్టు ఏమైంది?"

"మళ్ళీ కనపడలేదు సార్."

"మీరు వెళ్ళేసరికి అక్కడ ఉందా?" అని ఇన్‌స్పెక్టర్ని అడిగాడు.

"లేదు. అటూ ఇటూ వంద గజాలు వెతికించాను. చెప్పు ముక్కతో సహా లెక్క రాయించాను. బకెట్టూ లేదు, గికెట్టూ లేదు. మనిషి పోయాడయ్యా అంటే బకెట్టు గొడవేంటి నీకు?"

డిటెక్టివ్ ఆ మాట పట్టించుకోలేదు. "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?"

"కాంట్రాక్టరు గారి దగ్గర క్రేను నడుపుతాడు. నాలుగు రోజులుగా వేరే ఊళ్ళో పని. కబురు తెలిసి నిన్న సాయంత్రమే వచ్చాడట. ఇక్కడికొచ్చి, ఆ కటకటాలు పట్టుకుని నోట మాట రాక ఏడ్చాడు సార్. పెళ్ళయ్యాక మా ఆయన ఏడవగా చూడ్డం అదే మొదలు."

*

కాంట్రాక్టరు ఇన్‌స్పెక్టరు గదిలో టీ తాగుతూ కూర్చున్నాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. పట్టాల మీద ఏదో అడ్డు కనపడి హారను కొట్టడం తప్ప ఇంకేమీ గమనించలేదని గూడ్సు డ్రైవరు చెప్పాడు. ఈ కేసుకి మిగిలిన ఏకైక సాక్షి ఈ కాంట్రాక్టరే. వాంగ్మూలం మీద సంతకం పెట్టడానికి వచ్చాడు.

"ఈ హైవే మీదున్న రైల్వే క్రాసింగులన్నిటికీ పాత పలకలు పీకి కొత్తవి వెయ్యమని సర్కారు నిధులిచ్చింది. పని వీరిదే," అని పరిచయం చేశాడు ఇన్‌స్పెక్టరు.

"చివరి వాయిదా డబ్బు రావాలంటే ఇంజనీరు గారి సంతకం కావాలి కదండీ?" అన్నాడు డిటెక్టివ్.

"పెట్టేవారే. బంగారం లాంటి మనిషి." కాంట్రాక్టరు కప్పు కింద పెట్టాడు. "నా కళ్ళ ముందే పోయారు. గేటు తీసే ఉంది. నా కారుకి ముందుగా స్కూటర్ మీద వెళ్తున్నారు. పట్టాల మీదికి వెళ్ళారో లేదో, బండి వచ్చి పడింది."

"స్కూటర్ నడుపుతూనే ఉన్నారా?"

"ఉన్నారండీ. నేను చూస్తూనే ఉన్నాగా."

"కార్లో మీతో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. నా కారు నేనే నడుపుకుంటాను."

"స్కూటర్ ఎక్కడుంది బావమరిదీ?"

ముగ్గురూ స్టేషన్ వెనక పెరట్లోకి వెళ్ళారు. అక్కడ స్కూటర్ అన్న పేరుకి మాత్రమే మిగిలిన ఇనుము పడి ఉంది. వెనక చక్రం లేదు. ముందు భాగం నయం, హ్యాండిలు పూర్తిగా ఎడమ వైపుకి తిరిగి ఉంది. డిటెక్టివ్ దాన్ని రెండు చేతులా పట్టుకుని కుడి వైపుకి తిప్పబోయాడు. అది జరగలేదు.

"రైలు గుద్దింది బావా. మెలిపడదా మరి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పోయినాయన జేబులో దొరికిన సామాను ఒకసారి తెప్పించు."

కానిస్టేబులు అట్టపెట్టె తెచ్చాడు. కళ్ళద్దాలు, రుమాలు, టేపు, ఒక తాళంచెవి. డిటెక్టివ్ ఆ తాళంచెవి తీసి హ్యాండిలు కింద సందులో దూర్చి తిప్పాడు. టక్కుమంది. హ్యాండిలు వదులై నెమ్మదిగా మధ్యకి వాలింది.

"రైలు మెలితిప్పుతుంది, కాదన్ను. కానీ హ్యాండిలుకి తాళం వేసి, ఆ చెవి తీసుకెళ్ళి మనిషి జేబులో పెట్టదు," అన్నాడు డిటెక్టివ్.

కాంట్రాక్టరు నీళ్ళు నమిలాడు. "ఎండ కళ్ళలో పడుతోందండీ... తోసుకుంటూ వెళ్తున్నారేమో..."

"హ్యాండిలు లాకైన బండిని తోస్తే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. గేటు గది దగ్గర్నించి పట్టాల మీదికి దాన్ని చేర్చాలంటే చెరో వైపు పట్టుకుని ఎత్తుకెళ్ళాలి. దానికి ఇద్దరు మగాళ్ళు కావాలి. మీరేమో ఒంటరిగా ఉన్నానంటున్నారు."

తెల్లచొక్కా మనిషి లేచి, లాయర్ని కలిసి మళ్ళీ వస్తానని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాడు. టీ సగం కప్పులోనే మిగిలింది.

కారు గేటు దాటేదాకా ఆగి, ఇన్‌స్పెక్టరు భగ్గుమన్నాడు. "నా స్టేషన్లో, నా సాక్షిని, నా ముందే అదరగొడతావా? పోయినసారి నీ ఫోటో పేపర్లో పడింది, నా పేరు ట్రాన్స్‌ఫర్ల లిస్టులో పడింది. ఈసారి ఆ పప్పులుడకవు."

"నేను అదరగొట్టలేదు, అతనే అదిరాడు. అబద్ధం ఆడాడని నీకూ తెలిసింది."

"తెలిస్తే? స్కూటర్ మీద కాకపోతే నడిచి వెళ్ళుంటాడు. గేటు వేసి ఉందని నీ తాళంచెవి రుజువు చేస్తుందా? ఆయన దగ్గర సంతకం పెట్టించుకోవాల్సిన మనిషి, ఆయన్నే ఎందుకు చంపుతాడు? కారణం చూపించు. ఐదింటిలోపు చూపించు. లేదంటే ఆవిణ్ని రిమాండుకి పంపిస్తాను. అక్కతో చెప్పుకున్నా సరే."

"మీ అక్కతో చెప్పుకునే పనైతే ఇరవయ్యేళ్ళ కిందటే చెప్పుకునేవాణ్ని," అని డిటెక్టివ్ బయటికి నడిచాడు.

*

క్రాసింగు దగ్గర నిలువెత్తు బోర్డు పాతి ఉంది. ప్రజల సొమ్ముతో, ప్రజల భద్రత కోసం, కొత్త పలకలు వేస్తున్నట్టు పెద్ద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. బోర్డు మాత్రం నిజంగానే కొత్తది.

పలకలూ కొత్తవిలాగే ఉన్నాయి. పట్టాల మధ్య బారుగా పరిచిన సిమెంటు పలకలు బూడిద రంగులో, నున్నగా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఇంజనీరు చనిపోయిన చోట పోలీసులు ఇసక చల్లారు. డిటెక్టివ్ ఆమె బదులు వచ్చిన గేటు మనిషికి చెప్పి లోపలికొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమాడు. ఒక పలక మూల సన్నటి చీలిక ఉంది. కొత్తగా వేసిన పలకకి అప్పుడే చీలికేమిటి?

టేపు తెచ్చుకున్న మనిషి కొలవలేదు. సుత్తి పెట్టి కొట్టి చూడలేదు. నీళ్ళడిగాడు.

గేటుకి వెనకే, అరచెయ్యంత పెరడున్న క్వార్టరు. అక్కడే కొళాయి దగ్గర అత్తగారు గిన్నెలు తోముతోంది. అతన్ని చూడగానే పీచు పడేసి లేచింది.

"నా కోడలు తిన్నదా బాబూ?"

"తింటుందమ్మా. నాకు బకెట్టెడు నీళ్ళు కావాలి. పట్టాల దగ్గరికి."

ఎందుకని అడగలేదావిడ. బకెట్టు కొళాయి కింద పెట్టి నింపింది. అతను చెయ్యి చాచితే, "మీరు మొయ్యలేరు గానీ, పదండి," అని అంచు పట్టి ఎత్తి నడుం మీద పెట్టుకుని తనే ముందు నడిచింది. పలకల దగ్గర దించి, అతను చూపించిన చోట తనే ఒంపింది.

ముందు పలక మొత్తం ఒకే రంగులో నల్లబడింది. డిటెక్టివ్ గొంతుక్కూచున్నాడు. అచ్చం నిన్న ఇంజనీరు కూచున్నట్టే కూచున్నానన్న సంగతి అప్పుడు తట్టింది.

నీరు ఇంకుతూ ఉంటే పలక మీద చారలు తేలాయి. బెత్తెడు వెడల్పు చారలు, అడ్డంగా, సమానమైన ఎడంతో. చారల చోట నీరు ఇంకలేదు, నున్నగా మెరుస్తూ నిలబడింది. చారల మధ్య సిమెంటు నల్లగా పీల్చుకుంది. పక్క పలక మీదా అవే చారలు. ఆ పక్కదాని మీదా అవే.

"ఇదేంటి బాబూ, ఒంటి మీద వాతలు తేలినట్టు?"

"పట్టాల కింద అడ్డంగా దిమ్మలుంటాయి కదమ్మా, పలకలు వాటి మీద ఆనుకుంటాయి. ఏళ్ళ తరబడి ఒకే చోట ఆనిన పలక అడుగున ఈ గుర్తులు పడతాయి. కొత్త పలకకి ఉండవు. ఉన్నా అడుగున ఉండాలి, ఆకాశం వైపు కాదు." అతని గొంతులో కోపం పొంగుకొచ్చింది. "పాత పలకల్నే ఎత్తి, పరుపు తిరగేసినట్టు తిరగేసి, పైన పల్చగా సిమెంటు పూశారు. అడుగున ఉండాల్సిన ఇనప చువ్వలు పైకొచ్చాయి. బరువు లారీ ఎక్కితే విరుగుతాయి. ఇక్కడే కాదు, హైవే పొడుగునా ఇంతే అయి ఉంటుంది. ఇంజనీరు కనిపెట్టాడు. సంతకం పెట్టనన్నాడు. అందుకే ప్రాణం తీశారు."

ఇన్‌స్పెక్టరు అడిగిన కారణం దొరికింది. ఐదింటికి ఇంకా చాలా టైముంది. చాలా రోజుల తర్వాత డిటెక్టివ్‌కి ఒంట్లోకి ఓపిక వచ్చినట్టైంది.

అత్తగారు మాత్రం ఆ చారలకేసే చూస్తోంది. "నెలంతా మా వాడే ఇక్కడ క్రేను నడిపాడు. కొత్తవి వేశామమ్మా, ఇంక లారీలు కుదుపు లేకుండా పోతాయని చెప్పాడు."

"క్రేనులో కూర్చునేవాడికి చెప్పినట్టు చెయ్యక తప్పదమ్మా," అన్నాడు డిటెక్టివ్ ఆవిడ మొహం చూసి. "ఇంకో బకెట్టు తెస్తాను, ఫోటో తియ్యాలి. ఈసారి నేను మోస్తాను."

వంగి పిడి పట్టుకున్నాడు. అరచేతికి ప్లాస్టిక్ తగల్లేదు. గుడ్డ తగిలింది.

బకెట్టు నీలం రంగుది. పిడి చుట్టూ బిగించి కట్టిన గుడ్డ మాసిపోయి ఉంది గానీ, ముడి లోపల రంగు స్పష్టంగా కనిపిస్తోంది. ఆకుపచ్చ.

"ఈ బకెట్టు ఇంటికెలా వచ్చిందమ్మా?" వీలైనంత మామూలుగా అడిగాడు.

"ఇదా? నిన్న పొద్దున మా కోడలు గేటు దగ్గరికి పట్టుకెళ్ళింది. సాయంత్రం మా వాడు సంచీతో పాటు తెచ్చాడు. ఇదెక్కడిదిరా అంటే, గేటు దగ్గర పడుంటే తెచ్చానన్నాడు. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క బకెట్టే..."

డిటెక్టివ్ లెక్క వేసుకున్నాడు. వంద గజాలు వెతికి చెప్పు ముక్క కూడా లెక్క రాసిన పోలీసులకి నిన్న ఉదయమే దొరకని బకెట్టు, సాయంత్రం గేటు దగ్గర ఎలా పడి ఉంటుంది? పలకల మీద నీళ్ళు పోశారని ఎవరికీ తెలియకూడదనుకున్నవాళ్ళు, గేటు మనిషి రోడ్డు మీదికి వచ్చేలోపే దాన్ని కార్లో వేసుకుపోయారు. ఎక్కడో చెరువులో పారేస్తే సరిపోయేది. కానీ ఆ కార్లో ఉన్న రెండో మనిషికి అది సాక్ష్యంలా కనపడలేదు. తన ఇంటి బకెట్టులా కనపడింది. బండి దాటగానే పెళ్ళాం చేతులు గేటెత్తినట్టు, అతని చేతులు బకెట్టుని ఇంటికి తెచ్చేశాయి.

అతను చెప్పక్కర్లేకపోయింది. అత్తగారి మొహంలో రక్తం లేదు. ఇంజనీరు నీళ్ళెందుకు అడిగాడో ఆవిడకి ఇప్పుడే తెలిసింది. మిగతా లెక్క ఆవిడే కట్టుకుంది.

"నిన్న వాడి ఏడుపు చూసి, పోన్లే, పెళ్ళాం మీద ఇంత ప్రేముందా అనుకున్నాను బాబూ," అంది. గొంతు వణకలేదు. అదే అతన్ని భయపెట్టింది. "లోపల నిద్రపోతున్నాడు. కాంట్రాక్టరు గారు కారు పంపుతున్నారట, దూరంగా ఏదో పనుందట. బట్టలు సర్దమన్నాడు. సర్దాను."

బకెట్టు పట్టుకుని ఇద్దరూ క్వార్టరు దాకా నడిచారు. గుమ్మం పక్కన సర్దిన సంచీ ఉంది. లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది, లోపల్నించి గురక వినిపిస్తోంది. అత్తగారు తలుపు దగ్గర నిలబడి నిద్రపోతున్న కొడుకుని ఒకసారి చూసింది. చిన్నపిల్లాడి దుప్పటి సరిచేసే తల్లి చూపు అది. డిటెక్టివ్ అటు చూడలేక తల తిప్పుకున్నాడు.

ఆవిడ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, బయట గొళ్ళెం పెట్టింది.

"మీ బావమరిదికి ఫోన్ చెయ్యండి."

"అమ్మా, మీ వాడు తోశాడో, పక్కన నిలబడ్డాడో, అది ఇంకా తేలలేదు..."

"ఏదైనా వాడే చెప్పుకుంటాడు. చెయ్యండి."

ఇన్‌స్పెక్టరు మొదటి గంటకే ఎత్తాడు. "ఏం బావా, ఓడిపోయావా?"

"పొద్దున నువ్వా గదిలోంచి కదలకపోవడం మేలైంది. ఆ బకెట్టు పిడికి ఏం చుట్టి ఉందని చెప్పిందో నువ్వూ విన్నావుగా?"

"పచ్చజెండా గుడ్డ. అయితే?"

"అది ఇప్పుడు నా చేతిలో ఉంది. దాన్ని ఇంటికి తెచ్చిన మనిషి గోడకి అవతల ఉన్నాడు. జీపు వేసుకుని వాళ్ళ క్వార్టరుకి రా. ఒక్కడివే రాకు."

అవతల వెక్కిరింత ఆగిపోయింది. "పావుగంట పడుతుంది. బావా... అక్కకి నేను సమాధానం చెప్పుకోలేను. జాగ్రత్త."

ఫోన్ జేబులో పెట్టేలోపు బయట కారు ఆగింది. కిటికీ సందులోంచి చూస్తే, తెల్లచొక్కా ఒక్కటే కాదు, వెనక సీట్లో ఇంకో ఇద్దరున్నారు. హారను రెండుసార్లు మోగింది.

లోపల గురక ఆగింది. మంచం కిర్రుమంది. తలుపు ఒకసారి ఊగింది, మళ్ళీ ఊగింది.

"అమ్మా! కారొచ్చింది. బయట గొళ్ళెం పడిపోయింది, తియ్యి!"

డిటెక్టివ్ బకెట్టుని కాళ్ళ వెనక్కి జరిపి, వీధి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. అత్తగారు గొళ్ళెం పెట్టిన తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. కొడుకు దబదబా బాదుతుంటే ఆ దెబ్బలన్నీ ఆవిడ వీపుకే తగులుతున్నాయి. ఆవిడ కదల్లేదు.

"అమ్మా, తియ్యవే!"

"ఉండు నాయనా," అందావిడ. "మీ ఆవిడ వచ్చి తీస్తుంది."